పెద్దవాళ్ళు చెంచా ఎత్తేదాకా

బిత్నా చదువుకి పనికిరాదని ఎవరూ అనలేదు. అంత మాట నోటితో ఎవరంటారు? రిపోర్టులో ఎంతో మర్యాదగా రాశారు: తోటి పిల్లలతో కలిసి ఈ తరగతిలో కొనసాగడం విద్యార్థినికి భారం కావచ్చును, ప్రత్యేక పాఠశాలకు సిఫారసు చేయడమైనది. కింద పరీక్ష చేసినాయన సంతకం, ఆ కింద ఆయన పనిని పర్యవేక్షించిన ప్రొఫెసర్ మో సంతకం. పక్కనే రెండు ఎర్రటి ముద్రలు, ఎక్కడా చెదరకుండా నిటారుగా పడ్డాయి.

రెండో తరగతి టీచర్ తాక్ యన్‌సుక్ ఆ కాగితాన్ని స్టాఫ్ రూములో నిలబడే చదివింది. ఆమె చదువుతున్నంతసేపూ హెడ్‌మాస్టరు బార్లీ నీళ్ళు ఊదుకుంటూ తాగుతున్నాడు.

"వచ్చే సోమవారం కమిటీ కూర్చుంటుంది," అన్నాడు. "ఈలోగా ఒప్పుకున్నట్టు పిల్ల తాత తన పేరు ముద్ర వెయ్యాలి. మీరే వెళ్ళి వేయించుకు రండి టీచర్‌గారూ. ఆ ముసలాయనకి నేనంటే గిట్టదు."

"ఎందుకండీ?"

"చలికాలంలో బుట్టెడు ఆల్చిప్పలు మోసుకొచ్చాడు, స్టాఫ్ రూమంతా వాసనని వద్దన్నాను. ఇంతవరకూ మొహం చూడడు."

ప్రత్యేక పాఠశాల అఖాతానికి అవతలి ఒడ్డున ఉంది. వారమంతా హాస్టల్లో ఉండాలి. మంచి బడే, అక్కడి టీచర్లు బంగారం లాంటివాళ్ళు. అవసరమున్న పిల్లకి అది వరం. అవసరం లేని పిల్లని తీసుకెళ్ళి అక్కడ దింపితే మాత్రం దాన్ని ఏమనాలి? ఆ ప్రశ్న యన్‌సుక్‌ని వదల్లేదు.

అసలు బిత్నాని తెలివితేటల పరీక్షకి కూర్చోబెట్టింది తనే. పగలు బడి, వారంలో రెండు సాయంత్రాలు బస్సెక్కి నగరానికి వెళ్ళి విద్యా మనోవిజ్ఞానంలో పైచదువు. ఉద్యోగాలు చేసుకునే టీచర్ల కోసమే పెట్టిన కోర్సది. చివరి టర్ములో ఎవరైనా ఒక విద్యార్థిని దగ్గరగా పరిశీలించి, ఆ కేసుని అందరి ముందూ వివరించాలి. అది గట్టెక్కితే కౌన్సెలింగ్ టీచర్‌గా సర్టిఫికెట్ వస్తుంది. తన క్లాసు పిల్లని తనే పరీక్ష చేయకూడదు గనక, కోర్సులో సీనియర్ బాంగ్ సెజున్ వచ్చి చేశాడు. పిల్లకి మేలు జరుగుతుందనే యన్‌సుక్ అడిగింది. మేలు ఇదిగో, ఇలా వచ్చి కూర్చుంది.

ఆ మధ్యాహ్నం లెక్కల కాగితాలు పంచి, "ఇక మొదలుపెట్టండి," అని చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య తిరిగింది. అందరి పెన్సిళ్ళూ కదిలాయి. బిత్నా పెన్సిలు సన్నగా చెక్కి, కాగితం పక్కన సమంగా పెట్టి ఉంది. రెండు అరచేతులూ మోకాళ్ళ మీద ఉన్నాయి.

"ఏం బిత్నా, రావా లెక్కలు?"

"వచ్చు టీచర్."

"మరి?"

ఆ పిల్ల టీచర్ చేతుల వంక చూసింది.

"టీచర్, దానికి స్విచ్చి లేదు," అన్నాడు పక్క బల్ల పిల్లాడు. క్లాసంతా కిసుక్కుమంది. యన్‌సుక్ వాడి నెత్తిన చిన్నగా ఒకటి మొట్టి, వంగి, బిత్నా పెన్సిలుతో మొదటి లెక్క తనే చేసి చూపించింది. వరస చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి కాగితం నిండిపోయింది. ఒక్కటి తప్పితే అన్నీ ఒప్పులే. చెయ్యి పట్టుకుని నడిపిస్తే నడుస్తుంది, పాపం, అనుకుంది యన్‌సుక్. అక్కడే తను పప్పులో కాలేసిందని అప్పటికి తెలియలేదు.

మంగళవారం సాయంత్రం కోర్సు గదిలో పరీక్ష వీడియో మళ్ళీ వేయించుకుంది. పక్కన సెజున్, వెనక మిరాన్. సెజున్ వయసులో యన్‌సుక్ కన్నా పదేళ్ళు చిన్న, చేరిన ఏడుని బట్టి పెద్ద. అందుచేత ఎవరు ఎవరికి ముందు వంగి నమస్కరించాలో తేలక, ఇద్దరూ ఒకేసారి వంగి ఒకరి తల ఒకరికి తగిలించుకోవడం రివాజైపోయింది. మిరాన్ హైస్కూలు టీచరు, నోరు ఊరుకోని మనిషి.

తెర మీద సెజున్ ఎరుపూ తెలుపూ దిమ్మెలు పేర్చి చూపించాడు. బిత్నా చకచకా అలాగే పేర్చింది. ఇంకోటి చూపించాడు. అదీ పేర్చింది. తర్వాత అతను దిమ్మెలు ముట్టుకోకుండా బొమ్మున్న కార్డు మాత్రం ముందు పెట్టి, "ఇలా చెయ్యి," అన్నాడు. పిల్ల చేతులు మోకాళ్ళ మీదికి వెళ్ళిపోయాయి. సమయం అయిపోయింది. ఇంకో కార్డు. చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి.

"ఇక్కడే ఎందుకు ఆగిపోయిందంటారు?" అని అడిగింది యన్‌సుక్.

"అక్కడికి దాని శక్తి అయిపోయింది టీచర్‌గారూ. సులువైనవి చేసింది, కష్టమైనవి వచ్చేసరికి చతికిలబడింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే. నేను ఒక్క మాట కూడా అటూ ఇటూ అనలేదు, చూడండి."

నిజమే, అనలేదు. అతను గడియారం పట్టుకున్న తీరు చూస్తేనే తెలుస్తుంది, తూకం తప్పే మనిషి కాదని. యన్‌సుక్ తల ఊపింది గానీ మనసొప్పలేదు. చతికిలబడిన పిల్ల మొహం ఆమెకి తెలుసు. పెదవి కొరుక్కుంటారు, కిటికీలోంచి చూస్తారు, బొటనవేలు గిల్లుకుంటారు. ఈ పిల్ల అలా లేదు. బస్సు కోసం నిలబడ్డ మనిషిలా నిబ్బరంగా ఉంది.

ప్రెజెంటేషన్ల వారంలో ప్రొఫెసర్ మో తన విద్యార్థులందరినీ యూనివర్సిటీ వెనక సందులో నూడుల్స్ కొట్టుకి తీసుకెళ్తుంది. ఆవిడంటే కోర్సులో అందరికీ హడల్. ఎర్ర పెన్ను తీసిందంటే రాసినవాళ్ళకి తమ పేరు తప్ప ఏమీ మిగలదు. అయినా ఆ కొట్లో మాత్రం అడిగి అడిగి తినిపిస్తుంది.

ఆ రాత్రి పొట్టి బల్లల చుట్టూ నేల మీద కూర్చున్నారు. గుల్లచేపలు వేసి కాచిన పులుసులో కత్తితో కోసిన నూడుల్స్, పొగలు కక్కుతూ వచ్చాయి. సరిగ్గా అప్పుడే ప్రొఫెసర్‌కి ఫోనొచ్చింది. ఎవరిదో థీసిస్ గొడవ. "అలా కాదు, మూడో అధ్యాయం అంతా తీసెయ్," అంటోంది ఆవిడ. ఎడమచేత్తో ఫోను, కుడిచెయ్యి బల్ల మీద, చెంచాకి జానెడు దూరంలో. ఆ చెయ్యి కదలదు. ఆ చెయ్యి కదిలేదాకా బల్ల చుట్టూ ఎవరి చెయ్యీ కదలదు. మూడో అధ్యాయం పోయి నాలుగోది వచ్చింది. నూడుల్స్ పులుసంతా పీల్చేసుకుని గిన్నెల్లో పైకి లేస్తున్నాయి.

"అక్కా," అని గొణిగింది మిరాన్, "నా గిన్నెకి నెలలు నిండాయే."

యన్‌సుక్‌కి నవ్వాగలేదు. మొహం దాచుకోవడానికి తల దించింది. దించితే తన చేతులే కనిపించాయి. రెండు అరచేతులూ మోకాళ్ళ మీద ఉన్నాయి. పక్కన మిరాన్ చేతులూ అలాగే ఉన్నాయి. ఎదురుగా సెజున్ చేతులూ అంతే. బల్ల చుట్టూ చదువుకున్న టీచర్లందరూ అరచేతులు మోకాళ్ళకి ఆనించి, ఆకలి దిగమింగుకుంటూ, రెప్ప వేయకుండా ఒక పెద్దామె చేతి వంక చూస్తున్నారు.

నవ్వు గొంతులోనే ఆగిపోయింది. ఈ కూర్చోవడం ఇందాకేగా తెర మీద చూసింది!

బుధవారం బడిలో మధ్యాహ్నం భోజనం. రోజూ యన్‌సుక్ పిల్లలందరికీ అందాయా లేదా చూసుకుని, అందరి తర్వాత తన పళ్ళెం తెచ్చుకుని ఒక మూల కూర్చుంటుంది. బిత్నా ఎప్పుడూ ఆఖర్న తినడం ముగిస్తుందని తెలుసు. నాన్చుడు పిల్ల అనుకునేది. నాన్చుడు కాదేమోనన్న ఆలోచన ఇన్ని నెలల్లో ఒక్కనాడూ రానందుకు ఇవాళ తన మీద తనకే కోపంగా ఉంది.

ఇవాళ పళ్ళెం తీసుకుని నేరుగా వెళ్ళి బిత్నా ఎదుట కూర్చుంది. అన్నం, సముద్రపు నాచు పులుసు, కాల్చిన చేప, కారం కిమ్చీ పచ్చడి. చెంచా ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

చుట్టూ పిల్లలు పులుసు జుర్రుతున్నారు. స్విచ్చి పిల్లాడు చేప ముల్లు తీసి పక్కవాడి పళ్ళెంలో వేశాడు. బిత్నా ఒకసారి అన్నం వైపు, ఒకసారి టీచర్ చేతుల వైపు చూసింది. గుటక మింగింది. పులుసు మీద ఆవిరి తగ్గిపోయింది.

"టీచర్, మీకు ఆకలేయట్లేదా? మీ చేప నేను తిననా?" అన్నాడు స్విచ్చి పిల్లాడు.

యన్‌సుక్ చెంచా ఎత్తింది. నోటిదాకా పోనేలేదు, బిత్నా చెంచా పులుసులో మునిగింది. పిల్ల ఆవురావురుమని తింటోంది. యన్‌సుక్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కిమ్చీ ఘాటు అని చెప్పుకోవచ్చు గనక తుడుచుకోలేదు.

సాయంత్రం పిల్ల వెంట రేవుకి నడిచింది. షెడ్డులో బిత్నా తాత ముక్కాలిపీట మీద కూర్చుని చిప్పలకి చిల్లులు పొడుస్తున్నాడు. ఆ చిప్పల్ని, మధ్యలో ఎడం కోసం గొట్టం ముక్కలు పెట్టి, తీగకి గుచ్చి సముద్రంలో వేలాడదీస్తే కొత్త ఆల్చిప్పల పిల్లలు వాటికి అంటుకుంటాయి. బిత్నా సంచీ దింపి, చేతులు కడుక్కుని, తాత పక్కన కూర్చుంది. తాత ఒక చిప్ప తీగకి ఎక్కించాడు. అప్పుడు బిత్నా వేళ్ళు లేచాయి. చిప్ప, గొట్టం ముక్క, చిప్ప, గొట్టం ముక్క. పిల్ల ఎక్కడ ఎంత ఎడం ఉండాలో కొలవకుండానే పెడుతోంది.

పాత పేపరు మీద ఆయన ముద్ర, ఎర్ర సిరా డబ్బా అప్పటికే తీసిపెట్టి ఉన్నాయి.

"కాయితం తెచ్చావా టీచరమ్మా?" అన్నాడు తల ఎత్తకుండా. "ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేస్తాను. చదువుకున్నోళ్ళు చెప్పాక నాదేముంది?"

"తేలేదు తాతగారూ. ఒక మాట అడుగుదామని వచ్చాను. బిత్నా ఇంట్లో ముందుగా తినదా?"

ముసలాయన చెయ్యి ఆగింది. "పెద్దోళ్ళు ముట్టుకోందే చిన్నోళ్ళు ముట్టుకుంటారా? మా అమ్మ నన్నలా పెంచింది, నేను దీన్నలా పెంచా. తల్లీతండ్రీ లేని పిల్ల, పద్ధతి లేకుండా పెరిగిందని రేపు ఎవడూ అనకూడదు." చిప్పని పట్టుకునే అడిగాడు, "తప్పు చేశానా? అందుకేనా దీన్ని పంపించేస్తున్నారు?"

"తప్పు మీది కాదు తాతగారూ. చూడాల్సింది మేము చూడలేదు. శుక్రవారం దాకా ఆ ముద్ర జేబులో పెట్టుకోండి."

గురువారం మధ్యాహ్నమంతా యన్‌సుక్ తన ప్రెజెంటేషన్ తిరగరాసింది. బస్సులో మిరాన్‌కి చూపిస్తే ఆమె కళ్ళు పెద్దవి చేసింది.

"అక్కా, సెజున్ సంతకం కింద ఆవిడ సంతకం ఉంది. నువ్వు ఒకరితో కాదు, ఇద్దరితో పెట్టుకుంటున్నావు. పాతదే చదివేసి దిగిపోరాదూ? సర్టిఫికెట్ వద్దా నీకు?"

"కావాలి. ఎందుకు వద్దు?"

"మరి?"

"పిల్ల కూడా కావాలి."

మిరాన్ కాసేపు కిటికీలోంచి చూసి, "సరే, పద. మునిగితే నేను ఒడ్డునుంచి ఏడుస్తాలే," అంది.

గదిలో ప్రొఫెసర్ మో ముందు వరసలో కూర్చుని ఎర్ర పెన్ను మూత తీసింది. యన్‌సుక్ వంగి నమస్కరించి వీడియో పెట్టింది.

"ధ్వని తీసేశాను. దయచేసి దిమ్మెల్ని చూడకండి. పిల్ల కళ్ళు చూడండి."

తెర మీద సెజున్ కార్డు పెట్టాడు. బిత్నా కార్డుని ఒక్కసారి చూసింది. తర్వాత చూపంతా సెజున్ చేతి మీదే ఉంది. చెయ్యి గడియారం వైపు జరిగితే చూపు గడియారం వైపు జరిగింది. చెయ్యి బల్ల మీదికి వస్తే పిల్ల వీపు నిటారైంది, వేళ్ళు మోకాళ్ళ మీదనుంచి ఇంచుమించు లేచాయి. చెయ్యి దిమ్మెల్ని ముట్టుకోకుండా వెనక్కి పోయింది. వేళ్ళు మళ్ళీ మోకాళ్ళ మీద వాలాయి.

"పరీక్షకుడు ముందుగా ముట్టుకున్నవన్నీ చేసింది. ముట్టుకోనివి ఒక్కటీ చెయ్యలేదు. చేతకాక కాదండీ. పెద్దవాళ్ళు ముందు మొదలుపెట్టాలని ఎదురు చూస్తోంది. బల్ల మీద అన్నం ఉన్నా, లెక్కలున్నా, దిమ్మెలున్నా ఆ పిల్లకి ఒకటే మర్యాద."

"నేను దిమ్మెలు ముట్టుకోకూడదనే నియమం," అన్నాడు సెజున్. చెవులు ఎర్రబడ్డాయి. "ముట్టుకుంటే పరీక్షే చెల్లదు."

"అవును సీనియర్‌గారూ. మీరు నియమం తప్పలేదు. ఆ పిల్లా తప్పలేదు. రెండు నియమాలు ఎదురెదురుగా కూర్చున్నాయి. సున్నా మాత్రం ఒకరికే పడింది."

ప్రొఫెసర్ మో పెన్ను కాగితం మీద ఆనించే ఉంది.

"అందంగా చెప్పారు," అంది ఆవిడ. "కానీ ఇది మీ ఊహ. ఎనిమిదేళ్ళ పిల్ల, ఎదురుగా బొమ్మల దిమ్మెలు, చెయ్యమని చెప్తున్నారు. అయినా ఒక పద్ధతి కోసం చేతులు కట్టుకు కూర్చుంటుందా? నమ్మమంటారా?"

యన్‌సుక్ బడిలో భోజనం సంగతి చెప్పింది, షెడ్డు సంగతి చెప్పింది. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. ఇంకొక్కటే మిగిలింది. అది అంటే సర్టిఫికెట్ సంగతి దేవుడెరుగు, మళ్ళీ ఈ గది గుమ్మం తొక్కడమే ఉండదేమో. తీగ మీద చిప్పలు ఎక్కిస్తున్న చిన్న వేళ్ళు కళ్ళ ముందు మెదిలాయి.

"ప్రొఫెసర్‌గారూ, మొన్న నూడుల్స్ కొట్లో మీరు ఫోన్లో ఉన్నారు. వేడి గిన్నెలు ముందు పెట్టుకుని మేమందరం ఏం చేశామో గమనించారా?"

"ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదండీ. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని మీ చెయ్యి చూస్తూ కూర్చున్నాం. అప్పుడు ఎవరైనా గడియారం పట్టుకుని, నూడుల్స్ తినడం వచ్చో రాదో మాకు పరీక్ష పెట్టి ఉంటే, ఈ గదిలో అందరికీ సున్నాయే."

వెనకనుంచి ఎవరో ఊపిరి గట్టిగా పీల్చారు. సెజున్ నేల చూపులు చూస్తున్నాడు. ప్రొఫెసర్ మో పెన్ను మూత పెట్టింది, మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టింది. మెల్లగా వెనక్కి తిరిగింది.

"నూడుల్స్ ఉబ్బాయా?"

చివరికి సెజునే లేచి నిలబడ్డాడు. "బాగా ఉబ్బాయండీ," అన్నాడు.

"పోయినసారి?"

"అప్పుడూ అంతేనండీ. మీకు ఎప్పుడూ ఫోనొస్తుంది."

"అంటే ఇన్నేళ్ళుగా మీరంతా నా దగ్గర ఉబ్బిన నూడుల్సే తింటున్నారా?"

మిరాన్ పుసుక్కున నవ్వింది. ఇంకెవరో అందుకున్నారు. ప్రొఫెసర్ మో కూడా నవ్వడం చూశాక గదంతా గొల్లుమంది. నవ్వు తగ్గాక ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని వీడియో మళ్ళీ మొదటినుంచి వేయమంది. ఈసారి ముందుకు వంగి చూసింది.

"ఆ కింది సంతకం నాది. నేను అంకెలు చూశానే గానీ పిల్లని చూడలేదు," అంది. "రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను. ఇదే పరీక్ష ఇంత తొందరగా మళ్ళీ పెట్టకూడదు. వేరేది ఉంది. రేపు నేనే వస్తాను. బాంగ్ గారూ, పెట్టె మీరు తీసుకురండి."

శుక్రవారం సన్నటి వాన. తలుపుకి అద్దమున్న చిన్న గది సిద్ధం చేశారు. వరండాలో యన్‌సుక్, పక్కన రబ్బరు బూట్లతో బిత్నా తాత. ఆయన కుడిచెయ్యి జేబులోనే ఉంది, ముద్ర మీద. తలుపు వేసేముందు ప్రొఫెసర్ మో పిల్లల కుర్చీలో కూర్చుని బిత్నాతో చెప్పడం ఇద్దరూ విన్నారు.

"ఇవాళ ఈ గదిలో పెద్దదానివి నువ్వు. నువ్వు మొదలుపెడితేనే నేను చూస్తాను. నేను చిన్నదాన్ని, నీ వెనకే ఉంటాను."

బిత్నా ఆలోచించింది. "ఆటకేనాండీ?"

"ఆటకే."

తలుపు పడింది. అద్దంలోంచి పిల్ల చేతులు కనిపిస్తున్నాయి. మోకాళ్ళ మీద ఉన్నాయి. ప్రొఫెసర్ తన చేతులు తన మోకాళ్ళ మీద పెట్టుకుని, తల కొంచెం వంచి, నూడుల్స్ ముందు కూర్చున్న విద్యార్థిలా ఎదురు చూస్తోంది. బిత్నా ఆవిడని చూసింది. ఆ చేతుల్ని చూసింది. తర్వాత కుడిచెయ్యి లేచింది. ముక్కలు ఒకదాని పక్కన ఒకటి పడుతున్నాయి, చిప్ప, గొట్టం ముక్క, చిప్ప, గొట్టం ముక్క అన్నట్టు. మూల నిలబడ్డ సెజున్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఏం చేస్తోంది?" అన్నాడు ముసలాయన. ఆయనకి అద్దంలోంచి సరిగ్గా ఆనడం లేదు.

"చేస్తోంది తాతగారూ. ఆగకుండా చేస్తోంది."

బయటికొచ్చి ప్రొఫెసర్ మో ముందుగా ముసలాయనకి నడుం వంచి నమస్కరించింది. "వయసుకి తగ్గట్టే ఉంది. చేతిపనిలో వయసుకి మించి ఉంది. సోమవారం కమిటీకి నేనే రాస్తాను."

"అంటే?"

"ఈ బళ్ళోనే చదువుతుందండీ. రోజూ ఇంటికే వస్తుంది."

ఆయన జేబులోంచి ముద్ర తీశాడు. అరచేతిలో కాసేపు చూసుకుని మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. భోజనం చేసి వెళ్ళమంటే, పోటు తిరుగుతోంది, పడవ కట్టాలని గబగబా వెళ్ళిపోయాడు. గేటు దాటాక ఆయన భుజాలు కదలడం యన్‌సుక్ చూసింది. వానకి కాదు.

"ఇక మీ సంగతి," అంది ప్రొఫెసర్ మో. "మార్కులు నిన్నే వేశాను. మీరు ఇక కౌన్సెలింగ్ టీచరు. ఒక్క తప్పు కనిపించింది. నూడుల్స్ విషయం చేరిన ఏడే చెప్పాల్సింది."

యన్‌సుక్ వంగి నమస్కరించబోయింది. అదే క్షణంలో సెజున్ ఆమెకి వంగాడు. తలలు ఠప్పున తగిలాయి.

భోజనాల గదిలో హెడ్‌మాస్టరు అతిథికి వేరే బల్ల వేయించాడు గానీ ఆవిడ వెళ్ళి బిత్నా ఎదుట కూర్చుంది. చేసేదిలేక ఆయనా వచ్చి పక్కన ఇరుక్కున్నాడు. సోయా మొలకల పులుసు, అన్నం, ముల్లంగి కూర. హెడ్‌మాస్టరు చెంచా సగం ఎత్తి, ప్రొఫెసర్ ఎత్తలేదని చూసి మెల్లగా దించాడు. ఆవిడ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని బిత్నా వంక చూస్తోంది.

"ఇవాళ పెద్దదానివి నువ్వని చెప్పానుగా," అంది. "కానివ్వు."

బల్ల చుట్టూ అందరూ ఆగారు. స్విచ్చి పిల్లాడు కూడా నోట్లో ముద్ద నమలకుండా ఆగాడు. బిత్నా తన చెంచా వైపు చూసింది. ఆకలిగానే ఉంది, గుటక మింగడం కనిపించింది.

"అది ఆటకండీ," అంది బిత్నా. ప్రొఫెసర్ పళ్ళెం పక్కనున్న చెంచాని రెండు చేతులతో తీసి ఆవిడకి అందించింది. "ఇది అన్నం. మీరు ఎత్తండి, పులుసు చల్లారిపోతోంది."

ప్రొఫెసర్ మో రెండు చేతులతో ఆ చెంచా అందుకుని, పులుసులో ముంచి, ఆలస్యం చేయకుండా నోట్లో పెట్టుకుంది. ఆ వెనకే బిత్నా తన చెంచా ఎత్తింది.